పలకల ఫ్యాక్టరీలో మా యేసుమణి అత్త

మా మేనత్త యేసుమణి 1935 ఎండాకాలంలో గుంటూరు నుంచి రైలు దిగి మార్కాపురం వచ్చేసరికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ట్రంకుపెట్టె అడుగున, చీరల మడతల మధ్య గవర్నమెంటు పరీక్షల సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒకటి టైపురైటింగు హయ్యరు, ఒకటి బుక్ కీపింగు లోయరు, ఇంకొకటి కమర్షియల్ ప్రాక్టీసు. మా పల్లెలో ఆ పేర్లు అంతకుముందు విన్నవాళ్ళు లేరు. మా తాత యోబు చేతులు కడుక్కొచ్చి మరీ వాటిని పట్టుకున్నాడట. తలకిందులుగా పట్టుకున్నాడని మా నాయనమ్మ గురమ్మ చాలాకాలం చెప్పి నవ్వేది.

తాత పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చే పనివాడు. మార్కాపురం చుట్టూ భూమిలో పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. గనిలోంచి తెచ్చిన రాయికి ఉలి పెట్టి పలచగా చీల్చి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక తయారవుతుంది. తాత చీల్చిన పలకల మీద ఎన్ని ఊళ్ళ పిల్లలు అఆలు దిద్దారో ఆయనకు తెలియదు. ఆయన మాత్రం వేలిముద్ర మనిషే.

అత్తను చదివించింది క్రైస్తవ మిషను బంగళాలో ఉండే తెల్ల దొరసాని. ఆవిడ గదిలో ఒక టైపుమిషను ఉండేది. బంగళా ఊడవడానికి నాయనమ్మతో పాటు వెళ్ళిన పిల్ల ఆ మిషను ముందు నిలబడి కదిలేది కాదట. దొరసాని ముందు విసుక్కుంది, తర్వాత నేర్పింది, ఆఖరికి గుంటూరులో హాస్టలు మాట్లాడి కమర్షియల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించి పంపింది. అక్కడ అక్షరాల మీద తగరపు మూత పెట్టి, చూడకుండా టైపు కొట్టించేవారట. అత్త ఆ పరీక్షలో తప్పులు లేకుండా కొట్టి ప్యాసయింది. ఇక ఉద్యోగం దానంతట అదే వస్తుందనుకుంది.

అదే రాలేదు. కొత్త చీర కట్టుకుని, సర్టిఫికెట్లు గుడ్డలో చుట్టుకుని ఆమె ఊరంతా తిరిగింది. ఒక ఆఫీసులో పెద్ద గుమాస్తా మంచివాడే. కాగితాలన్నీ చదివి, "అమ్మాయీ, ఈ గదిలో ఇంతవరకు ఆడమనిషి కూర్చోలేదు. నువ్వొచ్చి కూర్చుంటే మేము చుట్టలు ఎక్కడ కాల్చుకోవాల?" అన్నాడు. ఒక వకీలు తన దగ్గర ఇప్పటికే ఇద్దరు బావమరుదులు పనిచేస్తున్నారన్నాడు. బడిలో పంతులమ్మ పనికి వెళితే ట్రెయినింగు సర్టిఫికెట్ కావాలన్నారు. తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి గానీ అత్త ముఖం మాత్రం వాడలేదని నాయనమ్మ అనేది. ఇంటికి రాగానే పీట మీద వేళ్ళతో టైపు కొట్టుకుంటూ కూర్చునేదట, చేయి మరిచిపోకుండా.

తాత పనిచేసే ఫ్యాక్టరీ సుబ్బులమ్మది. ఆమె రెడ్ల ఇంటి మనిషి. భర్త పెట్టిన ఫ్యాక్టరీని, ఆయన పోయాక అమ్మేయమని చుట్టాలు ఎంత చెప్పినా వినకుండా తనే నడుపుకొస్తోంది. చదువు తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. ఆ ఏడు జూన్‌లో ఆమె గుమాస్తా చెప్పాపెట్టకుండా గుంటూరు పొగాకు కంపెనీకి వెళ్ళిపోయాడు. కొత్త గుమాస్తా కోసం వెతుకుతున్నారని విని తాత ధైర్యం చేసి ఆమె ముందుకు వెళ్ళాడు.

"అమ్మా, మా పాప మిషను కొడతాది."

"బట్టల మిషనా?"

"కాదమ్మా. అచ్చరాల మిషను."

సుబ్బులమ్మ కాసేపు ఆలోచించింది. "మా ఆయన మద్రాసులో ఏందో మిషను కొనుక్కొచ్చినాడు. అటక మీద దుమ్ము పట్టి ఉండాది. అదేనేమో. మగోడైతే ప్రతిదానికీ నేను తలుపు చాటున నిలబడి మాట్లాడాల. ఆడపిల్లయితే ఎదురుగ్గా అడగొచ్చు. రేపు తోలుకరా యోబూ."

మరుసటి రోజు అత్త వెళ్ళి ఫ్యాక్టరీ వసారాలో నిలబడింది. సుబ్బులమ్మ గడప లోపల పీట వేసుకుని కూర్చుంది. సర్టిఫికెట్లు అడగలేదు.

"ఏమేం వచ్చునమ్మే నీకు?"

అత్త గుక్క తిప్పుకోకుండా చెప్పింది. టైపు, లెక్కలు, ఉత్తరాలు, ఇన్వాయిసు, రైల్వే రసీదు.

"సరే. అదో, ఆ గేటుకాడ అరుగు మీద ఒకాయన కూసోనుండాడు సూడు. గిద్దలూరు మల్లయ్య సెట్టి. మన పలకలు కొంటాడు. తెల్లారి బండికి దిగినాడు. మజ్జిగ పంపిస్తే తాగల్యా. ఏమైంది సెట్టీ అంటే ముఖం తిప్పుకుంటాండాడు. ఎందుకలిగినాడో కనుక్కోనిరా పో."

కమర్షియల్ ప్రాక్టీసు పుస్తకంలో అలిగిన బేరగాడి గురించి పాఠమేమీ లేదు. అత్త మెల్లగా వెళ్ళి అరుగుకు కొంచెం ఎడంగా నిలబడింది. మల్లయ్య సెట్టి పైపంచతో విసురుకుంటూ ఆకాశం వైపు చూస్తున్నాడు. పలకల మాట ఎత్తితే ఆయన పలకడని ఆమెకు అర్థమైంది.

"సెట్టిగారూ, గిద్దలూరులో బడి తెరిచినారా?" అని అడిగింది.

ఆయన విసురుకోవడం ఆపాడు. "తెరిచినారు. తెరిచిన రోజే నా పరువు పోయింది," అన్నాడు.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం కష్టమైంది. ఒకటో తరగతి పిల్లలందరికీ కొత్త పలకలు తానే తెప్పిస్తానని సెట్టి పంతులుకు మాటిచ్చాడు. పెట్టెను బడిలోనే, పిల్లలందరి ముందు విప్పించాడు. చూస్తే సగం పలకలు ముక్కలు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఒక చిన్నది మాత్రం, నాకు ముక్క చాలు తాతా, అని అందట. ఆ మాట ఆయనకు మరీ గుచ్చుకుంది. మార్కాపురం వచ్చి అడిగితే పాత గుమాస్తా, అది రైలోళ్ళ తప్పు, మేమేం జేస్తాం, అన్నాడు. కోపం పట్టలేక సెట్టి, మీ ఫ్యాక్టరీకి నిప్పు పెడతా, అని అరిచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మళ్ళీ వచ్చాడు గానీ, ముందు తనే ఎట్లా మాట్లాడాలో తెలియక కూర్చున్నాడు.

అత్త మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం వేయలేదు. అంతా అయ్యాక, "అయ్యో, పిల్లోళ్ళు ఏడిస్తే ఎవురికైనా కష్టమే సెట్టిగారూ," అని మాత్రం అంది. తిరిగి వచ్చి, నిప్పు మాట ఒక్కటి వదిలేసి, సుబ్బులమ్మకు చెప్పింది.

"పలకలు పగిలినందుకు కాదమ్మా ఆయన అలిగింది. పిల్లోళ్ళ ముందర తలొంచుకున్నందుకు. మనవైపు నుంచి ఒక్కరన్నా అయ్యో అనలేదంట."

సుబ్బులమ్మ పీట మీది నుంచి లేచింది. గడప దాటి గేటు దాకా నడిచి, తప్పు మాదే సెట్టీ, వేరే పెట్టె పంపిస్తా, అంది. మల్లయ్య సెట్టి చెంబెడు మజ్జిగ ఒక్క గుక్కలో తాగేశాడు. నిప్పు సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమెకూ తెలియదు.

లోపలికి వస్తూ సుబ్బులమ్మ అత్తతో, "రేపటి నుంచి రా," అంది.

అటక మీది టైపుమిషను దించి, నూనె వేసి తుడిచారు. దానికి వసారాలో చోటిచ్చారు. మావాళ్ళు మిషను మతంలో కలిసి కిరస్తానీలైనా ఊళ్ళోవాళ్ళకు మేము ఊరవతలి పల్లెవాళ్ళమే, అంటరానివాళ్ళమే. గడప దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అత్తకు అది తెలియనిది కాదు. వసారాలో గాలి బాగా వస్తుందని చాప పరుచుకుని కూర్చుంది.

మొదటి పనిగా సుబ్బులమ్మ, సెట్టికి ఒక ఉత్తరం ముక్క రాయి, ఈసారి పెట్టె జాగ్రత్తగా పంపుతామని, అంది. అత్తకు ఇన్నాళ్ళకు చేతినిండా పని దొరికింది. గుంటూరులో నేర్చుకున్నదంతా బయటికి తీసింది. అంచులు సమానంగా వదిలి, తేదీ కుడివైపున పెట్టి, డియర్ సర్ దగ్గర మొదలుపెట్టి, జరిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నామనీ, పగిలిన సరుకు విషయంలో ఇమ్మీడియట్ యాక్షన్ తీసుకుంటామనీ తెల్ల కాగితం మీద చక్కటి ఇంగ్లీషులో టైపు కొట్టింది. కింద ఫ్యాక్టరీ ముద్ర వేసి పోస్టులో వేసింది. ఒక్క తప్పు కూడా పోలేదు. ఆ రాత్రి అన్నం కూడా తృప్తిగా తినిందట.

ఆ ఉత్తరం గిద్దలూరులో ఏం చేసిందో తర్వాత మల్లయ్య సెట్టి భార్య నరసమ్మ చెప్పింది. సెట్టికి ఇంగ్లీషు రాదు. టైపు కొట్టిన కాగితం, కింద గుండ్రటి ముద్ర. ఆయన అటువంటి కాగితాలను కోర్టు బంట్రోతు చేతిలోనే చూశాడు. కాగితం పట్టుకుని బడిపంతులు దగ్గరికి పరుగెత్తాడు. పంతులుకు వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. ఆయన కళ్ళజోడు సవరించుకుని, కాగితమంతా వెతికి, తనకు తెలిసిన మాట మీద వేలు పెట్టాడు.

"ఇదో సెట్టీ. యాక్షన్ అని ఉంది. అదీ ఇమ్మీడియట్‌గానంట. నీ మీద యాక్షన్ తీసుకుంటాండారు. ఏం జేసినావు?"

సెట్టి ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాడు. "నరసమ్మా, నిప్పు పెడతానన్నాను. ఆ మాట ఆమెకు చేరింది. మజ్జిగ తాపిచ్చి మరీ కేసు పెట్టినారు," అన్నాడు. నరసమ్మ ధైర్యస్తురాలు. కేసయితే కేసు, ముందు మనిషిని కలుద్దాం లెమ్మంది. ఇంట్లో ఉన్న నెయ్యి డబ్బా తీసుకుని మరుసటి రోజు బండికి మొగుణ్ణి ఎక్కించింది.

వాళ్ళిద్దరూ గేటు దగ్గర కనిపించేసరికి అత్త వసారాలో ఇంకో ఉత్తరం కొడుతోంది. ఆ టకటక శబ్దానికే సెట్టి ముఖం పాలిపోయింది. సుబ్బులమ్మ బయటికి రాగానే ఆయన పైపంచ నడుముకు చుట్టుకుని చేతులు కట్టుకున్నాడు.

"అక్కా, నోరు జారినాను. కోపంలో అన్న మాట. నేను నిప్పు పెట్టే మనిషినా? ఇంట్లో పొయ్యి గూడ నరసమ్మే అంటిస్తాది."

"ఏం నిప్పు సెట్టీ?" అంది సుబ్బులమ్మ.

ఆయన కాగితం తీసి చూపించాడు. సుబ్బులమ్మ దాన్ని అత్తకిచ్చి, ఏం రాసినావో తెలుగులో చెప్పమంది. అత్త ఒక్కొక్క మాటే తెలుగు చేసి చెప్పింది. యాక్షన్ దగ్గరికి వచ్చేసరికి, వెంటనే తగిన ఏర్పాటు చేస్తాం అని దాని అర్థమని చెప్పి తల దించుకుంది.

మొదట నవ్వింది నరసమ్మ. "ఇంత మంచి మాటను ఇట్ల భయపెట్టేటట్టు ఎట్ల రాసినావమ్మే?" అంది. ఆ తర్వాత సుబ్బులమ్మ నవ్వడం మొదలుపెట్టింది. భర్త పోయాక ఆమె అంతగా నవ్వడం ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదట. రాయి చీల్చేవాళ్ళు కూడా ఉలులు ఆపి తొంగి చూశారు. సెట్టి మాత్రం ఇంకా నమ్మకం కుదరక, "అంటే కేసు లేదా?" అని రెండోసారి అడిగాడు.

వాళ్ళు వెళ్ళాక సుబ్బులమ్మ అత్తను పిలిచింది. ఉద్యోగం పోయిందనే అత్త అనుకుంది.

"నీ ఇంగ్లీషు బొంబాయోళ్ళకు, మద్రాసోళ్ళకు కొట్టు. వాళ్ళకు అదే మర్యాద. మనోళ్ళకు తెలుగులో చేత్తో రాయి. రాసేటప్పుడు ఆ మనిషి నీ ఎదురుగ్గా కూసోనుండాడు అనుకో. ఇంతే. నెయ్యి కొంచెం మీ అమ్మకు తీసుకపో."

ఆ రోజు నుంచి అత్త ఉత్తరాలు మారిపోయాయి. పొదిలి దుకాణదారుకు రాస్తే ముందు వాళ్ళ ఊళ్ళో వానలు పడ్డాయో లేదో అడిగేది. యర్రగొండపాలెం కొట్టుకు రాస్తే వాళ్ళ అమ్మ మోకాళ్ళనొప్పులు అడిగేది. తర్వాతే పలకలు. ఆర్డర్లు మెల్లగా పెరిగాయి.

కానీ గిద్దలూరుకు పంపిన రెండో పెట్టెలోనూ పలకలు పగిలాయి. ఈసారి మల్లయ్య సెట్టి అలగలేదు. బాధగా కబురు పెట్టాడు, అంతే. కంభంలో దిగిన పెట్టెలు బాగానే ఉంటున్నాయి. గిద్దలూరుకు పోయినవే పగులుతున్నాయి. కారణం ఎవరికీ అంతు పట్టలేదు.

"నేను పెట్టెతో బాటే పోయి చూసొస్తానమ్మా," అంది అత్త.

సుబ్బులమ్మ వద్దనలేదు గానీ, ఒంటరిగా వద్దు, మీ అమ్మను తీసుకపో, అంది. నాయనమ్మ గురమ్మ అప్పటిదాకా రైలెక్కలేదు. బండి కదిలిన దగ్గర నుంచి తర్లుపాడు దాకా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. కంభం దాటాక కళ్ళు తెరిచి, ఇంక కిటికీ వదల్లేదట.

గిద్దలూరులో పెట్టెలను ప్లాట్‌ఫారం చివర గూడ్సు షెడ్డు పక్కన దించారు. సెట్టి ఎద్దుబండి రావడానికి ఇంకా చాలా సేపుంది. అత్త, నాయనమ్మ షెడ్డు నీడలో కూర్చున్నారు. పెట్టెలకు చెక్కల మధ్య సందులుంటాయి. లోపల పలకల మధ్య మెత్తగా ఉండడానికి ఎండుగడ్డి కూరుతారు. ఆ గడ్డి సందుల్లోంచి అక్కడక్కడ బయటికి వస్తుంది.

ముందొక మేక వచ్చింది. పెట్టెను వాసన చూసింది. బయటికున్న గడ్డిపోచను పట్టుకుని లాగింది. దాని వెనకే ఇంకో నాలుగు వచ్చాయి. ఆ ఏడు వాన ఆలస్యమై ఎక్కడా పచ్చిక లేదు. మేకలు వరుసగా నిలబడి, మూతులు సందుల్లో దూర్చి, పెట్టెలో గడ్డినంతా నెమ్మదిగా బయటికి లాగి తింటున్నాయి.

అత్త లేచి వాటిని అదిలించింది. షెడ్డులోంచి ఒక యువకుడు బయటికి వచ్చాడు. గూడ్సు గుమాస్తా సామ్యేలు, చీరాల వైపు మనిషి.

"అవి రోజూ వచ్చేవేనండీ," అన్నాడు. "మార్కాపురం పెట్టె దిగిందంటే వాటికి ఎట్లాగో తెలిసిపోతుంది. తోలినా పోవు."

"అట్లయితే మాకెవురూ ఎందుకు చెప్పలేదు?"

"పెట్టెలో ఏముందో నాకెవరూ చెప్పలేదండీ. గడ్డి బయటికుంది. గడ్డే పంపుతున్నారేమో అనుకున్నాను."

నాయనమ్మకు నవ్వాగలేదు. అత్తకు మాత్రం కోపం వచ్చింది. సామ్యేలు కర్ర తీసుకుని బండి వచ్చేదాకా పెట్టెలకు కాపలా ఉన్నాడు. బండి వచ్చి కూలీలు ఎత్తినప్పుడు, మేకలు తిన్న పెట్టెలో పలకలు గలగలమన్నాయి. మిగతావి చప్పుడు చేయలేదు. సెట్టి దుకాణంలో విప్పి చూస్తే గలగలమన్న దాంట్లోనే ముక్కలున్నాయి.

మార్కాపురం తిరిగొచ్చి చెబితే సుబ్బులమ్మ మొదట నమ్మలేదు. నమ్మాక, గడ్డి బదులు ఏం కూరాలనే ప్రశ్న వచ్చింది. ఫ్యాక్టరీలో చట్రాల కోసం చెక్కలు కోసే చోట రంపపు పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. దాన్ని కూరి చూశారు. పెట్టెను కదిలిస్తే పొట్టంతా సందుల్లోంచి కారిపోయింది. అత్త మిషను బంగళా నుంచి పాత పేపర్లు తెచ్చి, పెట్టె లోపల నాలుగు పక్కలా అంటించి, మళ్ళీ పొట్టు నింపమంది. ఈసారి నిలిచింది. పొట్టును ఏ మేకా తినదు.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున మల్లయ్య సెట్టి కొత్త పెట్టెను మళ్ళీ పిల్లల ముందే విప్పించాడు. నరసమ్మ వద్దన్నా వినలేదు. పలకలన్నీ గట్టిగా ఉన్నాయి. ఒకే ఒకటి పగిలింది. అదీ సంతోషంలో ఆయన చేయి జారి.

ఆ నెలలోనే పెద్ద వాన పట్టుకుంది. జల్లు వసారాలోకి కొడుతుంటే అత్త టైపుమిషను మీద తన పైట కప్పి, దాని పక్కన తడుస్తూ కూర్చుంది. లోపలి నుంచి సుబ్బులమ్మ చూసింది.

"ఏందమ్మే, మిషను తడిస్తే తుప్పు పడతాది. లోపలికి పట్టుకరా."

అత్త మిషనెత్తి గడప దగ్గర పెట్టి, మళ్ళీ వసారాలో నిలబడింది.

"మిషనొకటే వచ్చి ఉత్తరాలు కొడతాదా? నువ్వు గూడ రా."

లోపల ఉన్న చుట్టాలావిడ ఒకామె ముఖం చిట్లించుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సుబ్బులమ్మ పట్టించుకోలేదు. కిటికీ పక్కన బల్ల వేయించింది. వాన వెలిశాక మిషను తిరిగి వసారాలోకి పోలేదు. ఆ చుట్టాలావిడ కొన్నాళ్ళు రాలేదు, తర్వాత తనే వచ్చింది. కొడుక్కి ఒక అర్జీ టైపు కొట్టించుకోవడానికి.

గిద్దలూరు సామ్యేలు ఆ తర్వాత ప్రతి పెట్టెకూ ఒక కార్డు ముక్క రాసేవాడు, పెట్టె చేరిందనీ మేకలు నిరాశపడ్డాయనీ. అత్త ఆ కార్డులు సుబ్బులమ్మకు చదివి వినిపించేది. కొన్నాళ్ళకు కొన్ని చదవడం మానేసింది. అప్పుడే సుబ్బులమ్మకు సంగతి తెలిసింది. 1938లో చర్చిలో వాళ్ళ పెళ్ళయింది. పెళ్ళికి ముందు సుబ్బులమ్మ, ఇంక గిద్దలూరు పోతావా, అని అడిగింది. గొంతులో బెంగ దాచుకోలేకపోయింది.

"ఆయన్నే మార్కాపురం స్టేషనుకు మార్పించుకోమన్నానమ్మా. అర్జీ గూడ నేనే టైపు కొట్టిచ్చినా."

యుద్ధం రోజుల్లో కాగితం కరువైంది. బళ్ళలో పలకలకు గిరాకీ పెరిగింది. ఫ్యాక్టరీకి ఇంకా ఇద్దరు గుమాస్తాలు కావలసి వచ్చారు. ఎంచుకునే పని సుబ్బులమ్మ అత్తకే అప్పగించింది. కర్నూలు నుంచి, నంద్యాల నుంచి, కామర్సు పరీక్షలు ప్యాసైన కుర్రాళ్ళు వచ్చారు. మంచి కుర్రాళ్ళే. టైపులో కొందరి వేగం అత్త కంటే ఎక్కువ. కానీ ఎవరైనా వచ్చి ఎదురుగా నిలబడితే తల ఎత్తరు. బేరగాడు ఒక మాట అడిగితే రూలు ఒకటి చెబుతారు. తను గుంటూరు నుంచి వచ్చిన రోజులు అత్తకు గుర్తొచ్చాయి. వాళ్ళ తప్పేముంది, ఎవరూ చెప్పలేదు గదా, అనుకుని వాళ్ళలోంచే ఇద్దర్ని తీసుకుంది.

మా సామ్యేలు మామ గుంతకల్లులో వేలంలో ఒక పాత టైపుమిషను కొన్నాడు. దాన్ని ఇంటి ముందు అరుగు మీద పెట్టి, అత్త సాయంత్రాలు క్లాసు మొదలుపెట్టింది. నేను పుట్టి పెరిగింది ఆ టకటకల మధ్యే. కాసేపు టైపు నేర్పాక ఆమె పిల్లలను బయటికి తరిమేది. ఒకణ్ణి గూడ్సు షెడ్డుకు, ఒకణ్ణి పొదిలి సంతకు. పెట్టె ఎట్లా ఎత్తుతారో చూడు, కొనేవాళ్ళు దేనికి గొణుగుతున్నారో విను, వచ్చి నాకు చెప్పు, అనేది. చెప్పేటప్పుడు తడబడితే మళ్ళీ చెప్పించేది.

ఒక కుర్రాడు, "అక్కా, ఇవన్నీ పరీక్షలో అడగరు గదా," అన్నాడు.

"పరీక్ష పెట్టినోళ్ళు నీకు ఉద్యోగం ఇయ్యరు గదా నాయనా," అంది అత్త.

అందరికీ ఉద్యోగాలు వచ్చాయని చెప్పను. ఇద్దరు ముగ్గురు సేద్యానికే తిరిగి వెళ్ళారు. ఎక్కువమందికి మాత్రం ఏదో ఒక కొట్లోనో మిల్లులోనో చోటు దొరికింది. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు అరుగు మీద మిషనును ఒకసారి తాకి వెళ్ళేవాళ్ళు.

1946లో హనుమంతునిపాడు నుంచి పోలమ్మ వచ్చింది. గొర్రెలు కాసుకునే మాల్యాద్రి పెద్ద కూతురు. మార్కాపురంలో పిన్నమ్మ ఇంట్లో ఉండి ఎనిమిది దాకా చదివింది. గొర్రెలను పేర్లతో పిలిచే పిల్ల కాబట్టి గొంతు పెద్దది. అత్త మొదట ఆ గొంతు తగ్గించడం నేర్పింది, తర్వాతే టైపు. లోయరు ప్యాసయ్యాక నంద్యాలలో ఒక వేరుసెనగ మిల్లులో పని ఉందని తెలిసింది. మాల్యాద్రి ఒప్పుకోలేదు. కంబళి భుజాన వేసుకుని అత్త దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆడబిడ్డ. మిల్లులో ఏం పనమ్మా? మూటలు మోయాల్నా?"

"మూటలు కాదు మామా. కుర్చీలో కూసోని ఉత్తరాలు కొట్టాల, వచ్చినోళ్ళతో మాట్లాడాల."

"కూసోని చేసే పనా?"

"కూసోనే."

ఆయనకు నమ్మకం కలగలేదు. తనే చూస్తానన్నాడు. పోలమ్మ పనిలో చేరిన రోజున ఆమెతో పాటు నంద్యాల వెళ్ళి, మిల్లు గేటుకు ఎదురుగా రోడ్డు పక్కన పొద్దున్నుంచి కూర్చున్నాడు. కిటికీలోంచి కూతురు కనిపిస్తూనే ఉంది. ఆమె కొట్టడం, లేవడం, ఎవరో రైతుకు కాగితం చూపించి ఏదో చెప్పడం, మళ్ళీ కూర్చోవడం చూశాడు. సాయంత్రం పోలమ్మ బయటికి రాగానే, అలిసిపోయినావా, అని అడిగాడు. లేదు నాయనా, అంది.

మరుసటి వారం ఆయన మార్కాపురంలో దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. వెనక ఒక చిన్నపిల్ల, తల నిండా నూనె రాసి జడ వేసి ఉంది.

"నీడపట్టున పనమ్మా," అన్నాడు మాల్యాద్రి. "దినమంతా నీడే. నేను కళ్ళారా చూసినా. ఇది నా చిన్నబిడ్డ. దీన్ని గూడ నీ కాడ కూసోబెట్టుకో."

అత్త ఆ పిల్లను మిషను ముందు కూర్చోబెట్టి, ఎత్తు చాలక కింద రెండు పీటలు వేసింది.